జిగురు సందుకు మా తాతయ్య పేరు

మా వీధికి మా తాతయ్య పేరుంది. ఆ పేరు నేనిక్కడ రాయను. వీధి మొదట్లో నీలం రేకు మీద జానెడేసి అక్షరాల్లో ఉంది, అది చాలు. ఆ మనిషి మీద అంతకంటే ఎక్కువ సిరా ఖర్చుపెట్టడం నాకిష్టం లేదు. వీధికి పేరు కావడానికి ఆయన చేసిన ఘనకార్యం ఒక్కటే. ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు, వీధిలో మగవాళ్లంతా పనులకు పోయిన వేళ, ఆయనొక్కడే గుమ్మంలో నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

ఇదేమీ గాలికబురు కాదు. కిటికీ పక్కన కూర్చుని మా అమ్మమ్మ కళ్లారా చూసింది, చెవులారా విన్నది.

అమ్మమ్మది పుస్తకాల బైండింగ్ దుకాణం. ముందుగదిలో పని, వెనకగదిలో కాపురం. స్కూళ్ల రిజిస్టర్లు, ఆఫీసుల లెడ్జర్లు, లైబ్రరీలో చిరిగి చీలికలైన పుస్తకాలు, ఏవైనా ఆమె చేతికే వచ్చేవి. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి పెద్ద గిన్నెలో జిగురు కాచేది. పుస్తకానికి పురుగు పట్టకుండా మైలుతుత్తం. ఆ వాసన వీధి చివరిదాకా పోయేది. అందుకే అందరూ జిగురు సందు అనేవారు. పోస్ట్‌మ్యానూ అలాగే అనేవాడు, ఉత్తరాల మీదా అలాగే ఉండేది. ఆ పేరు ఒకరు పెట్టింది కాదు, ముక్కున్న ప్రతివాడికీ దానంతటదే తెలిసేది.

పని ఆమెకు వాళ్ల నాన్న నేర్పాడు. తొమ్మిదో ఏట దారానికి మైనం పట్టించడంతో మొదలుపెట్టి, పెళ్లినాటికి ఆయన కంటే సన్నగా కుట్టేదట. ముసలాయన కళ్లు పోయాక కూడా పుస్తకం వీపు మీద వేలు రాసి, "ఇది నా కూతురు కుట్టింది" అని చెప్పేవాడట. అమ్మమ్మ తన గురించి గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్క మాటే.

ఇక తాతయ్య సంగతి. ఆయనకు రెండు ఇస్త్రీ చొక్కాలు, ఒక దువ్వెన, బోలెడు అభిప్రాయాలు ఉండేవి. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టిన పాపాన పోలేదు. "నాకు తగ్గ పని దొరకాలి కదా" అనేవాడు. ముప్పై ఏళ్లు గుమ్మం దాటకుండా వెతికాడు, పాపం దొరకలేదు. మా అమ్మ పుట్టినప్పుడు, అమ్మమ్మ ఆసుపత్రిలో ఉంటే, ఇంట్లో ఉన్న ఇనుప ప్రెస్సు ఎవరికో అమ్మేశాడు. కుట్టిన పుస్తకాన్ని పలకల మధ్య పెట్టి మర తిప్పి బిగించే యంత్రం అది. అది లేకపోతే బైండింగ్ లేదు. అమ్మేసి, కొత్త చొక్కా కుట్టించుకుని, అది తొడుక్కుని ఆసుపత్రికి వచ్చి "ఎలా ఉంది?" అని అడిగాడు. అడిగింది బిడ్డ గురించి కాదు, చొక్కా గురించి. పచ్చి బాలింతరాలి ఒంటితోనే మొదలుపెట్టి, మళ్లీ ప్రెస్సు కొనేదాకా రెండేళ్లు అమ్మమ్మ బండరాళ్లు ఎత్తి పుస్తకాల మీద బరువు పెట్టుకుంది.

అలాంటివాడి పేరు వీధికి ఎలా వచ్చిందంటే, ఊరి పటం గీయడానికి సర్వేవాళ్లు వచ్చారు. కాగితాల్లో పేరు లేని సందు కనిపిస్తే, మొదటి గుమ్మంలో ఎవరు దొరికితే వాళ్ల పేరు పెన్సిలుతో రాసుకోవడం వాళ్ల పద్ధతి. అది గుర్తు కోసం. రెండోసారి వచ్చి నలుగురినీ అడిగి, అసలు పేరు తెలుసుకుని, అప్పుడు సిరాతో రాయాలి. ఆ పూట తాతయ్య గుమ్మంలో ఎందుకున్నాడంటే, మైదా అయిపోయింది తెమ్మని అమ్మమ్మ ఎనిమిదింటికి పంపింది. పదకొండైనా ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"ఏవండీ, ఈ సందు పేరేంటి?" అన్నాడు సర్వే ఆయన.

"నా పేరు రాసుకోండి" అన్నాడు తాతయ్య. దువ్వెన జేబులో పెట్టుకుని, అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు.

సర్వేవాళ్లు రెండోసారి రానేలేదు. ఆఫీసులో కూర్చున్న గుమాస్తా పెన్సిలు గీతల మీద సిరా తిప్పేశాడు. ఏడాది తిరగకుండా నీలం రేకు వచ్చి గోడకెక్కింది. ఊళ్లో పనీపాటా లేని మనిషికి ఊరు ఇచ్చిన బహుమానం అది. వీధివాళ్లు కడుపుబ్బ నవ్వుకుని మళ్లీ జిగురు సందే అన్నారు. తాతయ్య మాత్రం బతికినంతకాలం రోజూ సాయంత్రం ఆ బోర్డు దాకా నడిచి వెళ్లి, దాన్నొకసారి చూసి వచ్చేవాడు. నాకు తెలిసి ఆయన చేసిన శ్రమ అంతే.

ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. మా అమ్మకు జిగురు వాసన పడదు, పెళ్లయ్యాక ఇటు తొంగి చూడలేదు. నాకది పడింది. ఇరవై ఏళ్లుగా అమ్మమ్మ పక్కన కూర్చుని ఈ ఒక్క పనే నేర్చుకున్నాను. అది కూడా ఆమెలో సగం రాలేదు.

పోయినేడు రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్లు గోడల మీద ఎర్రగీతలు గీసిపోయారు. మా గీత సరిగ్గా ముందుగది అయిపోయే చోట పడింది. ముందుగది పోతే మిగిలేది వెనకగది. అందులో మంచం, పొయ్యి, బీరువా పోను మనిషి పక్కకు తిరగడమే గగనం. ప్రెస్సు ఎక్కడ పెట్టాలి, కటింగ్ మిషన్ ఎక్కడ పెట్టాలి? ఎనభై నాలుగేళ్ల అమ్మమ్మ ఆ గీతను వేలితో తడిమి చూసి, "నన్ను బతికుండగానే కోసేస్తున్నారే" అంది.

అందుకని మా వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాం. వీధి కుళాయికి కొత్త మూత బిగించినా రిబ్బన్ కత్తిరించే మనిషి కాబట్టి ఆయన్ని అందరం రిబ్బన్‌గారు అంటాం. ఆయన ఆఫీసు గోడ నిండా ఆయన ఫొటోలే. ప్రతి దాంట్లోనూ కత్తెర ఉంది.

"మామ్మగారూ, మీకెందుకు భయం?" అన్నాడు. "వీధి ఎవరి పేరున ఉందో ఆ ప్రముఖుడు ఉన్న ఇల్లు పడగొట్టకూడదని రూలుంది. ఆయన మీద ఒక పుస్తకం వెయ్యాలి, అంతా నిజమేనని భార్యగా మీరు సంతకం పెట్టాలి, గోడకి ఒక శిలాఫలకం కొట్టాలి. మిగతాది నేను చూసుకుంటాగా."

"ప్రముఖుడా? ఎవరు నాయనా?" అంది అమ్మమ్మ. నిజంగానే అర్థం కాక అడిగింది.

పుస్తకం రాయడానికి ఒక రిటైరైన చరిత్ర మేష్టారిని పంపాడు. ఈయన రిటైరయ్యింది ఉద్యోగం నుంచే గానీ మాటల నుంచి కాదు. మా ముందుగదిలో కూర్చుని, చొక్కాకి జిగురు అంటకుండా కుర్చీ అంచు మీద వేలాడుతూ, ప్రశ్నలు వేశాడు.

"ఎన్నింటికి లేచేవారండీ?"

"పదింటికి" అంది అమ్మమ్మ.

'రాత్రింబవళ్లు గ్రంథపఠనం' అని రాసుకున్నాడు.

"మరి గుమ్మంలో నిలబడేవారన్నారు..."

"పొద్దస్తమానం."

'వచ్చే పోయే వారి కష్టసుఖాలు విచారించేవారు.' ప్రెస్సు అమ్మేసిన సంగతి నేను కావాలనే చెప్పాను. చూద్దాం ఈ మహానుభావుడు దీన్నెలా మింగుతాడో అని. ఆయన కలం ఒక్క క్షణం ఆగలేదు. 'తన జీవనాధారమైన యంత్రాన్ని సైతం అవసరంలో ఉన్నవారికి ఇచ్చివేసిన త్యాగశీలి.' గాడిదను గుర్రమని నమ్మించేవాణ్ణి చూశాను గానీ, గాడిద లేకుండానే గుర్రాన్ని తయారుచేసేవాణ్ణి అప్పుడే చూశాను.

సంతకం పెట్టాల్సిన కాగితం అమ్మమ్మ ముందు పెట్టాడు. నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు అమ్మమ్మా. ఆ మనిషికా? థూ!"

అమ్మమ్మ నా చెయ్యి పక్కకు నెట్టింది. "బతికున్నన్నాళ్లూ ఈ ఇంటికి ఒక మేకు కూడా కొట్టలేదు. చచ్చాకైనా ఒక గోడ నిలబెట్టనీవే." అని మేష్టారి వైపు తిరిగింది. "ఆయన్ని దేవుడని రాసుకోండి, దేవుడి బాబని రాసుకోండి, దుకాణం ఆయనే పెట్టాడని రాసుకోండి. నాకు పట్టింపు లేదు. నా గురించి మాత్రం ఒక్క ముక్క రాయొద్దు. నా పని జోలికి రావొద్దు. అది మా నాన్నది."

"అలాగే అలాగే, మీరు చెప్పాక ఇంక..." అన్నాడు మేష్టారు, కలం మూత ఎక్కడ పడిందా అని బల్ల కింద వెతుక్కుంటూ.

"అచ్చులో నా మాట రాకుండా నువ్వు చూసుకోవే" అంది నాతో. గొలుసుకట్టు రాతలో, ఒక్క వంకర లేకుండా సంతకం పెట్టింది. వాళ్ల నాన్న పక్కన కూర్చుని బైండింగ్‌కు వచ్చిన పుస్తకాల్లో చదువు నేర్చుకున్న మనిషి ఆమె. మేష్టారు ఆ సంతకం వైపు చూడనే లేదు. మూత దొరికింది, వెళ్లిపోయాడు.

నెల తిరగకుండా ముప్పై పేజీల పుస్తకానికి, మూడు వందల కాపీలకు సరిపడా అచ్చు కాగితాలు మా దుకాణానికే వచ్చాయి. బైండింగ్ ఊరికే చేసిపెట్టమన్నారు, మహనీయుడి సొంతవాళ్లం కాబట్టి. కాగితాలు మడిచి వరుసలో పేర్చడం నా పని, కుట్టడం అమ్మమ్మ పని. మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పని మీద ఉన్నప్పుడు అచ్చు చదవకూడదు. చదివితే చెయ్యి ఆగుతుంది, ఆగిన చోట కుట్టు వదులవుతుంది. పేజీ నంబర్లు మాత్రం చూసుకోవాలి. అమ్మమ్మ డెబ్బై ఐదేళ్లుగా ఆ పద్ధతి తప్పలేదు. నేను తప్పాను. పదకొండో పేజీ దగ్గర కన్ను పడింది.

'అక్షరజ్ఞానం లేని తన ధర్మపత్నిని ఆయన చిన్నచూపు చూడలేదు. స్వయంగా ఆమె చేయి పట్టుకుని, సూది పట్టడం నేర్పి, ఈ వృత్తిలో నిలబెట్టారు.'

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం పట్టుకుని మేష్టారింటికి వెళ్లాను. రిబ్బన్‌గారు కూడా అక్కడే ఉన్నాడు, ఫలకం మీద తన పేరు ఎంత పెద్దగా ఉండాలో వేళ్లతో కొలిచి చూపిస్తున్నాడు.

"ఈ ముక్క తీసెయ్యండి మేష్టారూ. వద్దని అమ్మమ్మ మొదటే చెప్పింది కదా."

"అయ్యో, అది పుస్తకానికి ప్రాణం కదమ్మా! చదివినవాళ్లకి కళ్లనీళ్లు రావొద్దూ? అయినా ఆవిడకి ఏం తక్కువ చేశాను? అంతటివారు చెయ్యి పట్టుకుని నేర్పారని రాశాను."

రిబ్బన్‌గారు మేష్టారిలా మెత్తగా మాట్లాడలేదు. "చూడు తల్లీ. ఎల్లుండి ఫంక్షన్. ఆ మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి ఆర్డరిస్తాడు. ఈ టైములో పుస్తకంలో ఒక ముక్క తప్పని నువ్వే అంటే, ఆయన మొత్తం తప్పేనంటాడు. తర్వాత నీ గది నీ ఇష్టం."

ఇంటికి వచ్చేదారిలో ఆలోచించాను. పెద్దగా ఆలోచించలేదనే చెప్పాలి. మేష్టారి గేటు దగ్గర మొదలై వీధి మలుపులోపే అయిపోయింది.

"అన్నీ సరిగా ఉన్నాయా?" అంది అమ్మమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.

"ఉన్నాయి."

"నా గురించి ఏమీ రాయలేదుగా?"

"లేదు."

ఆమె మొదటి పుస్తకం ముందుకు లాక్కుంది. రెండు రోజులు వంచిన నడుము ఎత్తకుండా కుట్టింది. పదకొండో పేజీ మూడు వందలసార్లు ఆమె వేళ్ల కింద నుంచి వెళ్లింది. వెళ్లినప్పుడల్లా నేను వేరే వైపు చూశాను. అంతకుముందు వరకూ మేష్టారినీ, రిబ్బన్‌గారినీ, చచ్చిపోయిన తాతయ్యనీ మనసారా అసహ్యించుకున్నదాన్ని, ఆ రెండు రోజులూ ఆ పని కూడా సరిగా చేయలేకపోయాను.

ఫంక్షన్ మా గుమ్మం ముందే జరిగింది. రిబ్బన్‌గారు కత్తెర తనే తెచ్చుకున్నాడు. ఫలకం మీద తాతయ్య పేరు ఒక వరుస, రిబ్బన్‌గారి పేరు, పదవులు, చదువులు కలిపి ఐదు వరుసలు. అమ్మమ్మను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చేతిలో పూలగుత్తి పెట్టారు. నేను పక్కన కూర్చున్నాను. మేష్టారు మైకు పట్టుకుని నేరుగా పదకొండో పేజీ తీశాడు. గొంతు గద్గదం చేసుకుని, ఒక్కో మాటా సాగదీస్తూ చదివాడు. 'చేయి పట్టుకుని' అన్న చోట ఆగి, జేబురుమాలు తీసి కళ్లద్దుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు అమ్మమ్మ వైపు చూసి జాలిగా నవ్వారు.

అమ్మమ్మ నా వైపు తిరగకుండానే అడిగింది. "ఇది పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు కుట్టకముందే."

తల ఊపింది. ఫొటోకి నిలబడమంటే నిలబడింది. పూలగుత్తి ఇంట్లోకి తెచ్చి నీళ్లలో పెట్టింది. నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండును. రాత్రి తిండి దగ్గర కూడా ఉప్పు కావాలా అని అడిగింది, అంతే. సరేలే, సర్దుకుపోయింది అనుకున్నాను. నాలాంటివాళ్లు అనుకునేవి అలాగే ఉంటాయి.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అమ్మమ్మ ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని స్కూలు రిజిస్టరు కుడుతోంది. ఆయన పుస్తకం ఒక చేతిలో, కాగితాలు ఒక చేతిలో పట్టుకుని గదంతా చూశాడు. అమ్మమ్మను చూశాడు గానీ ఆమెతో మాట్లాడలేదు. చదువురాని ముసలావిడకు ఏం తెలుస్తుందని కాబోలు, నా వైపు తిరిగాడు.

"దుకాణం పెట్టింది ఆయనేనా?"

"ఆయనే" అన్నాను. అది అమ్మమ్మ ఒప్పుకుని సంతకం పెట్టిన అబద్ధం, తేలిగ్గానే వచ్చింది.

ఆయన పేజీలు తిప్పాడు. "ఈవిడకి పని నేర్పింది కూడా ఆయనేనని ఇక్కడుంది. ఇల్లూ పనీ రెండూ ఆయనవే అయితేనే స్మారకం కింద వస్తుంది. నిజమేనా అమ్మా?"

అమ్మమ్మ సూది ఆగింది. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు. పుస్తకం కుట్టడం అయ్యాక, కుట్టు నిలుస్తుందో లేదో అని రెండు చేతులతో పట్టుకుని లాగి చూస్తుంది కదా, అలా చూసింది. ఆమె ఒక్క మాట అనొచ్చు. 'కాదు, మా నాన్న నేర్పాడు' అనొచ్చు. అనలేదు. అది నా వంతని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. గది చూశాను, ప్రెస్సు చూశాను, గోడ మీద ఎర్రగీత చూశాను.

"అవునండి" అన్నాను.

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. అమ్మమ్మ వేలికి తొడుక్కున్న తోలు తొడుగు తీసింది. కుడుతున్న రిజిస్టరును సగంలోనే, సూది అందులోనే ఉంచి, నా ముందుకు జరిపింది.

"అదేంటి అమ్మమ్మా?"

"నన్నెందుకు అడుగుతావు? నేర్పినాయన్ని పిలిపించుకుని కుట్టించుకో."

లేచి వెనకగదిలోకి వెళ్లిపోయింది.

ఆర్డరు వారం రోజుల్లో వచ్చింది. ఎర్రగీత మీద సున్నం కొట్టారు. ముందుగది చెక్కుచెదరకుండా ఉంది. బయట తాతయ్య ఫలకం, లోపల నేను. కాళ్ల మీద పడ్డాను, ఏడ్చాను, మేష్టారిని తిట్టాను. "వాళ్లనంటావేంటే? వాళ్లకి నేనెవరు?" అంది అమ్మమ్మ. ఎనిమిది నెలలైంది, సూది పట్టలేదు. వెనకగదిలో కిటికీ దగ్గర కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతుంది. నేను కుట్టిన రిజిస్టర్లు మూడు నెలలకే వీపు విరిగి వెనక్కి వస్తున్నాయి.

మొన్న లైబ్రరీ ఆయన ఒక పాత నిఘంటువు తెచ్చాడు. కాగితం ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. నా చేతికి ఇవ్వడానికి ఇష్టపడక, వెనకగది గుమ్మం దాకా వెళ్లాడు.

"మామ్మగారూ, ఇది మాత్రం మీరే చూడాలి. ఇంకెవరి వల్లా కాదు."

అమ్మమ్మ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. పుస్తకం వైపు చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకోవడం నేను చూశాను.

"నాకేం తెలుసు నాయనా, అక్షరం రానిదాన్ని" అంది. "దాన్నడుగు. ఏమడిగినా అవునండి అంటుంది."